ఎవరి భుజానికి కుట్టిన చొక్కా

కిందటి వారం మనం తొందరమ్మని ఒంటికాలి మీద లేచిన చోటే వదిలి వచ్చేశాం. అలా లేవడం ఆవిడకి కొత్తేం కాదు. ఆస్పత్రి గుమ్మం చేరేదాకా కూడా ఆగలేక కారులోనే పుట్టిన పిల్ల. ఇంట్లో అందరూ తొందరమ్మ అనే పిలుస్తారు, అసలు పేరు బడి రిజిస్టర్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఆ తొందరమ్మా, వాళ్ళక్కా కలిసి 'ఇద్దరం' అని పేరు పెట్టి, ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళ కోసం పొడుగు చొక్కాల బ్రాండు ఒకటి మొదలుపెట్టారు. ఫోటోలు చూసి జనం ఎగబడి కొన్నారు. కొన్నాక, ఏదో తేడాగా ఉందంటూ ఒక్కొక్కరే వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఏం తేడా అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తొందరమ్మకి ఎవరూ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. తప్పు కత్తిరింపులోనే అని తేల్చేసి, ఇస్త్రీ ఆవిడ ముందు, మిషన్ల మీద కూచున్న వాళ్ళందరి ముందు, కటింగ్ మాస్టర్‌ని పనిలోంచి తీసేసింది.

మాస్టర్ కూడా సామాన్యుడేం కాదు. తన కత్తెర ఇంకొకరు ముట్టుకుంటే పూటంతా అలిగి కూచునే రకం. అలాంటి మనిషి ఆ రోజు మారు మాట్లాడకుండా కత్తెర సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పాపం అని మీరు అనుకుని ఉంటారు. తొందరమ్మ అనుకోలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవలేదని అనుకుంది.

ఇవాళ పెద్ద షాపు నుంచి కొనుగోలు మేడమ్ వస్తుంది. ఊళ్ళో అన్ని వీధుల్లోనూ బ్రాంచీలున్న షాపు అది. ఈ చొక్కాలు అక్కడ వేలాడితే 'ఇద్దరం' నిలబడినట్టే. వేలాడకపోతే, ఈ మేడ మీద గదులు ఖాళీ చేసి అక్క మళ్ళీ ట్యూషన్లకీ, చెల్లెలు మళ్ళీ ఎవరి ఆఫీసులోనో ఫోన్లు ఎత్తడానికీ వెళ్ళాలి. సరుకంతా కుట్టడం అయిపోయింది. అట్టపెట్టెలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. చెయ్యి జారినవి వెనక్కి వచ్చిన చొక్కాలే, ఈ పెట్టెల్లోవి బాగానే ఉన్నాయని తొందరమ్మ ఎప్పుడో తేల్చేసుకుంది. మేడమ్ మధ్యాహ్నం వచ్చి ఓసారి చూసి, సరే అంటే బండి ఎక్కించడమే.

అయితే మేడమ్ కంటే ముందు పిన్ని వచ్చింది.

పిన్ని మెట్లెక్కడం ఎప్పుడూ చప్పుడుతోనే జరుగుతుంది. "ఏమే, లిఫ్టు పెట్టించుకోలేని వాళ్ళకి బ్రాండు ఎందుకే" అని కింది మెట్టు మీద మొదలుపెట్టి, పై మెట్టు మీద ముగిస్తుంది. ఇవాళ మాత్రం కిక్కురుమనకుండా ఎక్కి, గుమ్మంలో నిలబడి, ఎడమ భుజాన్ని కుడి చేత్తో పట్టుకుంది. ఒంటి మీద 'ఇద్దరం' చొక్కానే ఉంది. లేతాకుపచ్చది, వాళ్ళు మొట్టమొదట అమ్మిన రకం.

"ఏమైంది పిన్నీ?" అంది తొందరమ్మ, పెట్టెల మీద చీటీలు అంటిస్తూనే.

"భుజం పడిపోయిందే."

"ఎక్కడ పడ్డావు?"

"నేను పడలేదు. భుజమే పడింది. అద్దంలో చూసుకుంటే ఎడమ పక్క ఇంత కిందకి వాలిపోయి కనిపిస్తోంది. ఎముకల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. ఫోటో తీసి, అటూ ఇటూ తిప్పి, 'ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయమ్మా, మీ ఇంట్లో అద్దం వంకరగా తగిలించారేమో చూసుకోండి' అన్నాడు. అద్దం మార్చాను కూడానూ. కొత్త అద్దంలో కూడా అలాగే ఉంది."

తొందరమ్మకి నవ్వు రావాలి. రాలేదు. పిన్ని ఎడమ భుజం నిజంగానే వాలి ఉంది.

"నొప్పి ఉందా?"

"అదేనే నాకు అర్థం కానిది. నొప్పి లేదు, ఏమీ లేదు. మా ఆఫీసులో ఇంకో ఇద్దరికి ఇదే జబ్బు. ముగ్గురం ఏసీ కింద కూచుంటాం, ఆ గాలికేమో అనుకున్నాం. ఇప్పుడు ముగ్గురం మధ్యాహ్నం గోడ పట్టుకుని చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తున్నాం. మేనేజరు మేమేదో సమ్మెకి తయారవుతున్నామని భయపడుతున్నాడు."

"ఆ ఇద్దరూ కూడా మన చొక్కాలే కొన్నారా పిన్నీ?"

"కొనకపోతే ఊరుకుంటానా! నేనే దగ్గరుండి కొనిపించాను."

తొందరమ్మ చేతిలో చీటీ వేళ్ళకే అంటుకుపోయింది. వెనక్కి వచ్చిన చొక్కాలతో పాటు జనం చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఎవరూ తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే ఆవిడకి మొదట్నించీ వింతగా ఉండేది. ఒకావిడ ఫోన్ చేసి, "చొక్కా చాలా బాగుందమ్మా, నా ఒళ్ళే బాలేదు, ఏమీ అనుకోకండి" అంది. ఇంకొకావిడ, బిడ్డని ఒకే పక్క ఎత్తుకోవడం వల్ల తను నిలబడే తీరు చెడిపోయిందనీ, చొక్కా వేసుకున్నాకే ఆ సంగతి తెలిసిందనీ, అందుకు థాంక్స్ అనీ చెప్పింది. సరుకు బాగాలేదని దెబ్బలాడేవాళ్ళు ఉంటారు గానీ, సరుకు ముందు తామే బాగాలేమని క్షమాపణ చెప్పేవాళ్ళు ఉంటారా?

"పిన్నీ, ఆ చొక్కా విప్పు."

"ఇక్కడా?"

"తెర చాటుకి వెళ్ళి నీ జాకెట్ వేసుకుని రా."

గది మూలన బట్టలు మార్చుకోవడానికి పూల తెర ఒకటి కట్టి ఉంది. పిన్ని సణుక్కుంటూ లోపలికి వెళ్ళి, చలికి తెచ్చుకున్న ఉన్ని జాకెట్‌తో బయటికి వచ్చింది. భుజాలు రెండూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"తగ్గిపోయిందే!" అంది పిన్ని అద్దంలో చూసుకుని. "మీ మెట్లెక్కితే తగ్గిందంటావా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తన బ్రాండు చొక్కాని తొందరమ్మ ఇంతవరకూ ఒక్కసారి కూడా ఒంటి మీద వేసుకోలేదు. పనిలో సుద్దా, నూనె మరకలూ అవుతాయని ఎప్పుడూ పాత టీషర్టులే. వంట చేసి తాను రుచి చూడని మనిషిని మనం ఏమంటామో, ఆ మాటే ఇక్కడా అనుకోవచ్చు. ఇవాళ మొదటిసారి, పిన్ని విప్పిన లేతాకుపచ్చ చొక్కాని టీషర్టు మీదే దూర్చుకుని అద్దం ముందు నిలబడింది.

చొక్కా మెడ ఒక పక్కకి జరిగింది. సర్దుకుంది. మళ్ళీ జరిగింది. కింద అంచు కుడి పక్క ఎత్తుగా ఉంది. ఎడమ భుజం, నిన్నటిదాకా ఎంతో బుద్ధిగా ఉన్న భుజం, వాలిపోయి కనిపించింది. ఆవిడ ఎడమ భుజాన్ని పైకి లాగింది. అప్పుడు మెడ నరం పట్టేసింది గానీ చొక్కా మాత్రం బాగుపడలేదు.

"ఓ సారి ఇది వేసుకుంటావా?" అని ఇస్త్రీ ఆవిడని పిలిచింది. ఆవిడ వేసుకుంది. ఆవిడ భుజమూ వాలింది.

"నాకు మొన్నటిదాకా బాగానే ఉంది కదమ్మా" అంది ఇస్త్రీ ఆవిడ భయంగా. పిన్ని వెంటనే ఆవిడకి గోడ పట్టుకుని చెయ్యి ఎలా ఆడించాలో నేర్పడం మొదలుపెట్టింది.

తొందరమ్మ టేపు తీసింది. పొడుగు సరిపోయింది. ఛాతీ సరిపోయింది. చేతులు సమానం. ఈ భుజం చివర నుంచి ఆ భుజం చివరకి కొలిచింది, అదీ సరిగ్గానే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్న చొక్కా, వేసుకున్న ప్రతి మనిషినీ వంకరగా ఎలా చేస్తుంది? వేరే పెట్టె తెరిచి, వేరే రంగు, వేరే సైజు తీసి చూసింది. అదే తంతు. మిషన్ల వాళ్ళు కుట్టడంలో చేసిన తప్పయితే ఒక్కో చొక్కా ఒక్కోలా ఏడవాలి. ఇవన్నీ ఒకే పక్కకి, ఒకేలా, ఒక మాట మీద నిలబడ్డట్టు వంగుతున్నాయి.

అంటే అట్టలోనే ఉంది.

చొక్కా కత్తిరించే ముందు దాని ఆకారాన్ని మందపాటి అట్టలో తయారుచేసుకుంటారు. ఒకటి రెండు చొక్కాలైతే సగం అట్ట చాలు. బట్టని మధ్యకి మడిచి, మడత మీద ఆ సగం అట్ట పెట్టి కోస్తే రెండు పక్కలూ వాటంతట అవే ఒకేలా వస్తాయి. కానీ బట్టని పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోయాలంటే నిండు అట్ట కావాలి. వీళ్ళది నిండు అట్ట, మిగతా సైజుల అట్టలు కూడా దీన్ని బట్టే గీసుకున్నారు. మేకుకి వేలాడుతున్న దాన్ని తొందరమ్మ తీసింది, బల్ల మీద పెట్టింది, మెడ మధ్య నుంచి కింది దాకా సరిగ్గా సగానికి మడిచింది.

చంకలు కలిశాయి. అంచులు కలిశాయి. భుజాలు కలవలేదు. కుడి భుజం ఎడమదాని కంటే బొటనవేలి మందాన కిందకి దిగి ఉంది. తిన్నటి ఒంటి మీద వేస్తే కుడి పక్క పైకి గుంజుకుని, ఎడమ పక్క వాలినట్టు కనిపిస్తుంది. సుద్ద గీత మీద గీత పెట్టి, జాగ్రత్తగా, చేతనైన వాడి చేత్తో కోసిన దిగుడు అది. పొరపాటున జారిన కత్తెర అంత నున్నగా కోయదు.

తొందరమ్మకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఆ మంటా ఆగిపోయి, ఏమీ అర్థం కాలేదు. మాస్టర్ కావాలనే చేశాడా? ఎందుకు చేస్తాడు? తీసేశానన్న కోపంతోనా? తీసేసింది మొన్న. ఈ అట్ట తయారైంది మొట్టమొదటి సాంపిల్ అప్పుడు, ఆయన రోజూ కూనిరాగాలు తీస్తూ పని చేసుకున్న రోజుల్లో. అప్పుడు ఆయనకి ఎవరి మీద కోపం? పగ లేనిచోట విషం కలిపే వాడు ఎవడుంటాడు? పైగా ఆ సాంపిల్ తానే కళ్ళారా చూసింది. అక్క ఒంటి మీద. ఎంత బాగుందో!

"అక్కా!"

అక్క పక్క గదిలోంచి వచ్చింది. మెడ చుట్టూ ఎప్పుడూ ఉండే పల్చటి స్కార్ఫు, నడుం మీద కుడి చెయ్యి. ఆ నిలబడే తీరు అక్కకి చిన్నప్పటి నుంచీ ఉంది. ఫోటోల్లోనూ అలాగే నిలబడింది, ఆ ఠీవికే సగం చొక్కాలు అమ్ముడుపోయాయని అందరూ అంటారు. మొదట్లో, బట్టలు తొడిగి చూడటానికి నిలువెత్తు బొమ్మ ఒకటి కొనాలన్నాడు మాస్టర్. "బొమ్మ ఎందుకు, అక్క ఉందిగా" అంది తొందరమ్మ. అలా ప్రతి సాంపిలూ అక్క ఒంటి మీదే తొడిగారు, అక్క ఒంటి మీదే సరిచేశారు.

"ఇది వేసుకో" అంది తొందరమ్మ.

అక్క చొక్కా వైపు చూసింది, మడిచిన అట్ట వైపు చూసింది. "ఇప్పుడెందుకే? మధ్యాహ్నానికి మేడమ్ వచ్చేస్తుంది."

"వేసుకోవే బాబూ."

అక్క తెర చాటుకి వెళ్ళి వేసుకుని వచ్చింది. ఆ చొక్కా అక్క ఒంటి మీద దేవుడు కొలత తీసుకుని కుట్టినట్టుంది. మెడ కదల్లేదు. అంచు గీత గీసినట్టు ఉంది. తొందరమ్మకి మతి పోయింది. అంటే ఈ గదిలో మేమందరం వంకర, అక్క ఒక్కతే తిన్నగా ఉందా? ఆ క్షణంలో ఆవిడకి తోచింది నిజంగా ఇదే. నవ్వకండి. రోజూ చూసే మనిషిని ఎవరం మాత్రం సరిగ్గా చూస్తాం?

చూసింది పిన్నే. అదీ తెలివితో కాదు, అలవాటు కొద్దీ. చొక్కా పక్క కుట్టు ఎలా ఉందో చూద్దామని దగ్గరికి వెళ్ళి, "ఆ చెయ్యి దించవే, కుట్టు కనపడనివ్వవు" అంది.

అక్క చెయ్యి దించలేదు.

"దించవే."

"పిన్నీ" అంది అక్క నెమ్మదిగా, "కిందకెళ్ళి అందరికీ టీ చెప్పి వస్తావా? ఇస్త్రీ ఆవిడని కూడా తీసుకెళ్ళు."

పిన్నికి ఆ గొంతు తెలుసు. నోరు తెరిచి, మూసుకుని, ఇస్త్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని దిగిపోయింది. పక్క గదిలో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. అక్క తలుపు దగ్గరికి వేసి, స్కార్ఫు తీసి బల్ల మీద పెట్టి, నడుం మీది చెయ్యి దించింది.

కుడి భుజం కిందకి దిగింది. అట్టలో ఉన్నంత.

"ఎప్పటి నుంచి?" అంది తొందరమ్మ.

"నువ్వు పుట్టక ముందు నుంచి. గోడ మీద నుంచి పడ్డాను. మెడ కింద ఎముక విరిగితే వంకరగా అతుక్కుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుంటే కనపడదని అమ్మే నేర్పింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదని కూడా చెప్పింది. ఎత్తలేదు. తర్వాత అందరూ మర్చిపోయారు. నేను తప్ప."

"మరి సాంపిల్ అప్పుడు?"

"మాస్టర్ మొదటి చొక్కా తొడిగితే మెడంతా జారిపోయింది. ఆయనకి ఒక్క చూపులో తెలిసిపోయింది. ఏమీ అనలేదు, సుద్ద తీసి కుడి భుజం మీద ఇంకో గీత పెట్టాడు. మా చెల్లెలికి చెప్పకండి అన్నాను. సరేనమ్మా, ఈ అట్ట ఫోటోల వరకే, అమ్మేవాటికి ఇంకో మనిషి మీద ఇంకో సాంపిల్ తీద్దాం అన్నాడు. ఆ మాట నీతో కూడా అన్నాడు. నీకు గుర్తుందో లేదో."

తొందరమ్మకి గుర్తుంది. గుర్తు లేకపోతే ఎంత బాగుండేది! ఫోటోలు బయటికి వెళ్ళిన పూటే ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. ఆ ఊపులో, మేకు మీది అట్ట తనే తీసి బల్ల మీద పడేసి, కోసేయండి అంది. "ఇంకొక్క సాంపిల్ తీద్దామమ్మా" అన్నాడాయన. "మీ చాదస్తం మీ దగ్గరే ఉంచుకోండి, జనం గుమ్మంలో ఉన్నారు" అంది. పెద్దాయన మొహం మాడ్చుకుని, ఎందుకో అక్క వైపు ఓసారి చూసి, కత్తెర తీశాడు. ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది.

"సరే, ఆ రోజు నేను వినలేదు" అంది. "తర్వాత? చొక్కాలు వెనక్కి వస్తున్నప్పుడు? ఆయన్ని నేను అందరి ముందూ గెంటేస్తుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు కదక్కా!"

"ఉన్నాను. ఆ కిటికీ దగ్గర బొత్తాలు ఏరుతున్నాను."

"నోరు లేదా నీకు?"

"లేదు. ఆ రోజు లేదు." అక్క కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారిపోయాయి. "ఇదిగో ఇప్పుడు చెప్తాను, ఈ నిమిషం చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. నా వంక చూడనైనా చూడలేదు. చూస్తే నేనెక్కడ బయటపడతానో అని. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయే దాకా అనుకుంటూనే ఉన్నాను."

"నాకు చెప్పడానికి ఏమైందే? నేను పరాయిదాన్నా?"

"నీకు ఏదైనా చెప్పాలంటే నువ్వు కాసేపు కూచోవాలి కదా! నువ్వు కూచున్నది నేనెప్పుడూ చూడలేదు. సగం విని మిగతా సగం నువ్వే చెప్పేస్తావు. నా భుజం గురించి సగం విని, నువ్వు ఏ మాట అంటావో నాకు తెలియదు. బొమ్మ కొనుక్కునేవాళ్ళం కదా అంటావేమో అనిపించింది."

తొందరమ్మకి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయింది. మాస్టర్ మీదకి పంపుదామంటే, ఆయన అడిగిన ఒక్క సాంపిల్ తీయనివ్వనిది తను. కానీ ఆయన మాత్రం గట్టిగా ఎందుకు చెప్పలేదు? మాట ఇస్తే మాత్రం, ఇంతమందికి తెలిసి తెలిసి తప్పుడు చొక్కా కోస్తాడా? అక్క మీదకి పంపుదామంటే, అక్క అలా నిలబడి ఉంది, చెయ్యి కిందకి వేలాడేసి, ఇన్నేళ్ళలో మొదటిసారి. మరి తన మీదకా? తను ఎవరికీ చెడు చేయాలనుకోలేదే! పని త్వరగా కావాలనుకోవడం కూడా తప్పేనా? ఇంతవరకూ ఆవిడ జీవితంలో ప్రతి తప్పుకీ ఒక మనిషి దొరికేవాడు. వేలెత్తి చూపిస్తే పని అయిపోయేది. ఇవాళ వేలు ఎటు చూపించినా మళ్ళీ తన గుండెల మీదకే వస్తోంది, అయినా పూర్తిగా తనదీ కాదు. ఇలాంటి తప్పుని ఏం చేయాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

బల్ల మీద కూలబడింది. అక్క ఆశ్చర్యంగా చూసింది. చెల్లెలు కూచుంది!

"ఈ పెట్టెలన్నీ ఇదే అట్టతో కోసినవి" అంది తొందరమ్మ చివరికి.

"అవును."

"ఇవి షాపులకి వెళ్తే..."

ఆపైన అనలేకపోయింది. తన బ్రాండుకి పేరు పోతుందన్నది ఒకటి. అంతకంటే ముందు ఆవిడ కళ్ళకి కనిపించింది వేరే. ఏ వీధిలోనో, ఏ ఇంట్లోనో, పొద్దున్నే ఆఫీసుకి తయారై అద్దం ముందు నిలబడ్డ ఆడమనిషి. భుజం పైకి లాక్కుంటోంది. నా ఒళ్ళే బాలేదు అనుకుంటోంది. మళ్ళీ మళ్ళీ లాక్కుంటోంది. అక్క ఇన్నేళ్ళూ పడ్డ బాధని పెట్టెల్లో సర్ది ఊరందరికీ పంచబోతున్నామన్నమాట.

"పంపను" అంది.

"ఆవిడకి ఏం చెప్తావు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పడానికి తేలికైన మాట ఒకటి సిద్ధంగా ఉంది. కటింగ్ మాస్టర్ తప్పు కోశాడు, తీసేశాం, కొత్తగా కుట్టి ఇస్తాం. మేడమ్ వెంటనే నమ్ముతుంది. తీసేసిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ మాట ఇద్దరి నాలుకల మీదకీ వచ్చింది, ఇద్దరూ మింగేశారు. మింగినట్టు ఇద్దరికీ తెలిసింది.

"ఏమైనా చెప్పు" అంది అక్క, తెర చాటున ఆ చొక్కా మార్చుకుని వచ్చి, స్కార్ఫు మళ్ళీ చుట్టుకుంటూ. "నాది మాత్రం చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఫోటోలు చూసిన ప్రతివాళ్ళూ మళ్ళీ తీసి నా భుజం వెతుక్కుంటారు."

తొందరమ్మ సరేనన్నట్టు తలూపింది. ఎలా సరే అవుతుందో ఆవిడకి తెలియదు. అంతలో కింద కారు ఆగిన చప్పుడు, పిన్ని గొంతు, మెట్ల మీద మడమల చెప్పుల టకటకలు. మధ్యాహ్నం వస్తానన్న మేడమ్ పొద్దున్నే వచ్చేసింది.

కొనుగోలు మేడమ్ పొడుగాటి మనిషి, పొదుపుగా మాట్లాడే మనిషి. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, చదవడానికి కాకుండా కుట్టు చూడటానికే అది పెట్టుకుంటుంది. గదిలోకి వస్తూనే ఒక పెట్టె మూత తీసి, నీలం చొక్కా ఒకటి పైకెత్తి, బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"బట్ట బాగుంది" అంది.

"మేడమ్, ఈ సరుకు మీకివ్వను" అంది తొందరమ్మ.

అదే మరి! మంచినీళ్ళు ఇవ్వలేదు, కూచోమనలేదు, ముందూ వెనకా లేదు. అక్క కళ్ళు మూసుకుంది. పిన్ని గుమ్మంలోనే టీ పళ్ళెంతో ఆగిపోయింది.

మేడమ్ మాత్రం చొక్కా దించలేదు. "కారణం?"

"తప్పుగా కోశాం. భుజం ఒక పక్క దిగింది. ఎవరు వేసుకున్నా వంకరగా కనిపిస్తారు. మళ్ళీ కుట్టి ఇస్తాను. అందాకా ఆగగలిగితే ఆగండి, లేకపోతే మీ ఇష్టం."

"తప్పు ఎవరిది?"

"నాది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక తొందరమ్మకే విచిత్రంగా అనిపించింది. ఇంత చిన్న మాటా ఇది? "ఇంకో సాంపిల్ తీద్దామని మా మాస్టర్ అడిగారు. నేనే వద్దన్నాను. ఆయన్ని తీసేసి కూడా తప్పు చేశాను. ఇవాళే వెళ్ళి కలుస్తాను."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. "ఆయన నిన్న నా దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం కోసం. అక్కడ ఎందుకు మానేశావయ్యా అంటే, కత్తిరింపు నాది, తప్పు నాది అన్నాడు. ఎలా జరిగింది అంటే నోరు విప్పడు. తప్పు ఒప్పుకుని కారణం చెప్పని మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందుకే ఇవాళ తొందరగా వచ్చాను. ఇప్పుడు మీరూ నాదే అంటున్నారు."

మేడమ్ నీలం చొక్కాని బల్ల మీద పరిచి, భుజాలు చేత్తో తడిమింది. ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. తర్వాత పక్కనే మడిచి ఉన్న అట్టని తీసి విప్పి, మళ్ళీ మడిచింది.

"ఇది జారిన చెయ్యి కాదు" అంది. "ఇంత శ్రద్ధగా దించారంటే, ఎవరో ఒకరి ఒంటి మీద పెట్టి, చూసి, సరిపోయేలా దించారు. ఈ చొక్కా సరిగ్గా సరిపోయే మనిషి ఎవరో ఉన్నారు. నేను మీతో వ్యాపారం చేయాలంటే మీరు నా దగ్గర ఏం దాస్తున్నారో నాకు తెలియాలి. ఎవరికి కుట్టారిది?"

తొందరమ్మ అక్క వైపు చూడలేదు. చూస్తే అక్క దొరికిపోతుందని మెట్లు దిగిపోయిన పెద్దాయనకి తెలిసినప్పుడు, ఆ మాత్రం తనకి తెలియదా?

"నాకే" అంది. "నా భుజమే అంత."

మేడమ్ ఆవిడ్ని పైనుంచి కింది దాకా చూసింది. వదులు టీషర్టులో ఏదీ తెలియదు. నీలం చొక్కా తీసి చేతికిచ్చింది. "అయితే వేసుకుని రండి. చూసి వెళ్తాను."

తొందరమ్మ చొక్కా పట్టుకుని తెర చాటుకి నడిచింది. అబద్ధం ఆడటంలో కూడా ఆవిడది తొందరే. ఆడే ముందు, ఈ చొక్కా తన ఒంటి మీద నిలబడదన్న సంగతి ఆలోచించలేదు. ఇప్పుడు బయటికి వెళ్ళగానే మెడ జారుతుంది, అంచు లేస్తుంది, మేడమ్ అబద్ధాలకోరుతో వ్యాపారం చేయదు. అక్కడితో సరుకూ పోతుంది, షాపూ పోతుంది. నిజం చెబితే అక్క పోతుంది. తెర వెనక నిలబడి చొక్కా గుండీలు తీస్తూ, వేస్తూ, మళ్ళీ తీస్తూ ఉండిపోయింది.

తెర పక్కకి జరిగింది. అక్క లోపలికి వచ్చింది. మెడ చుట్టూ స్కార్ఫు లేదు.

"ఇలా ఇవ్వవే" అంది గుసగుసగా. "అది నీకు సరిపోదు."

తొందరమ్మ అడ్డంగా తల ఊపింది. అక్క చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. తొందరమ్మ రెండో చెయ్యి వదల్లేదు. తెర వెనక ఇరుకులో ఇద్దరూ మాట లేకుండా గుంజుకున్నారు. అక్క ఏడవడం లేదు. ఏడుస్తున్నది తొందరమ్మే.

"అయిందా?" అంది మేడమ్ బయట నుంచి.

"ఆ, వస్తున్నాను" అని ఇద్దరి గొంతులూ ఒకేసారి పలికాయి.